ఎడమవైపు ఖాళీ

పెరంబూరులో రైలుపెట్టెలు బిగించినవాణ్ణి నేను,
ముప్పై ఒక్క ఏళ్లు.
ఒక చక్రం తక్కువైతే పెట్టె కదలదని
మా షాపులో టీ తెచ్చే పిల్లాడికీ తెలుసు.
కిటికీలకు ఎన్నిసార్లు రంగు కొట్టినా
ఆ చక్రం మొలవదని కూడా.

మా జట్టు యజమానులకు ఎవరు చెప్పాలి?

మూడు సీజన్లుగా మాకు లెఫ్ట్ బ్యాక్ లేడు.
అక్కడ నిలబెట్టినవాడు కుడికాలి మనిషి.
బంతి ఎడమకాలి దగ్గరికొస్తే
పరాయి చెప్పులో కాలు పెట్టినవాడిలా
తడుముకుని, తిరిగి, మళ్లీ తిరిగి...
అప్పటికి గోలు పడిపోయి ఉంటుంది.
పక్క సీటు ఎత్తిరాజులు అంటాడు:
"మన ఎడమవైపు మూలకొత్తళం రోడ్డు రా,
ఎవరైనా రావచ్చు, లారీలతో సహా."

ఆఖరి స్థానంలో వచ్చాం కనుక
ఈ ఏడు డ్రాఫ్టులో మొదటి పిలుపు మాదే.
ఓడినందుకు దక్కిన ఒకే ఒక్క లాభం.
గిండీలో పెద్ద హోటలు. టీవీలో చూశాం,
ఎత్తిరాజులింట్లో, అటుకుల ఉప్మా చల్లారుతుండగా.
జాబితాలో పద్దెనిమిదో పేరు దివాకరం.
మా వ్యాసర్‌పాడి కుర్రాడు.
పుర్రకాలు.
వాడి బూట్లలో ఎప్పుడూ ఎడమదే ముందు చిరిగేది.
కుడిది నిగనిగలాడుతుండగానే
జత మార్చాల్సి వస్తోందని
ఇడ్లీ బండి దగ్గర వాళ్లమ్మ
నాతో చెప్పుకుని తిట్టుకునేది.

మేనేజరు మైకు అందుకున్నాడు.
టై సర్దుకున్నాడు.
ఒక గోల్‌కీపరు పేరు చదివాడు.

గోల్‌కీపరు!
ఇప్పటికే ముగ్గురున్నారు మాకు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
ఫుట్‌బాల్ అంటే గిట్టని కాంతామణి,
ఎత్తిరాజులు భార్య, వంటింట్లోంచే అంది:
"ఉప్పు నిండుకుందంటే
నాలుగో గరిటె కొనుక్కొచ్చాడే!"

రెండో పిలుపుకి ముప్పై అయిదేళ్ల స్ట్రైకరు.
ఒకప్పుడు గోడల మీద చూసిన మొహం,
మోకాలికి రెండు ఆపరేషన్లు.
"అనుభవం కావాలి" అన్నాడు మేనేజరు.
మాకూ ఉంది సార్ అనుభవం,
పద్నాలుగేళ్లుగా ఓడడం చూసిన అనుభవం,
మమ్మల్నీ తీసుకోండి.

దివాకరాన్ని ఎవరో కొండప్రాంతం వాళ్లు పట్టుకుపోయారు.

దీపావళి వానలు వెలిశాక వచ్చాడు వాడు
నెహ్రూ స్టేడియానికి, ఆకుపచ్చ చొక్కాలో.
అరవై మూడో నిమిషం.
మా కుడివైపు నుంచి ఉరికాడు.
అటు కూడా ఖాళీయేనని ఆ రోజే తెలిసింది.
గీత దాటబోయే బంతిని
ఆ చిరిగే కాలితో ఒక్క వంపు తిప్పాడు.
మా నలుగురిలో ఆ పూట కట్టిన గోల్‌కీపరు
గాలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

నేను లేచి నిలబడి ఉన్నాను.
చప్పట్లు కొడుతున్నాను.
చుట్టూ వంకాయరంగు చొక్కాలు
దొంగ దొరికినట్టు చూస్తున్నాయి.
ఎత్తిరాజులు నా మోచెయ్యి పట్టి లాగాడు,
లాగి లాగి, తనూ లేచాడు.

తిరుగు రైలులో పెట్టె నంబరు చూశాను. మా షాపుదే.
చక్రాలన్నీ ఉన్నాయి, నడుస్తోంది.
ఎదురుగా ఓ కుర్రాడు, మొహానికి రంగు కారుతూ,
"వచ్చే ఏడు చూద్దాం అంకుల్" అన్నాడు.
నేనూ వాడి వయసులో ఎవరితోనో అన్నమాటే.

సీజన్ టికెట్టు మళ్లీ తీసుకున్నాను.
కాంతామణికి చెప్పొద్దన్నాడు ఎత్తిరాజులు,
తనదీ నా చేతే తీయించుకుని.
ఏ వైపు సార్, అంది కౌంటర్లో పిల్ల.
ఎడమవైపు, గీతకు ఆనుకుని, అన్నాను.
పాత అలవాటు.
బోల్టు ఊడినచోటే ముందు కన్ను పడుతుంది.

"హాఫ్ టైం తర్వాత
మీ ఎడమ అటువైపు వెళ్లిపోతుంది సార్."

అప్పటిదాకా చాలమ్మా, అన్నాను.